‘స్ప్రింగ్’ శబ్దము – దాని జన్మవృత్తాంతము

ఆంగ్లభాషలో ఒక్క అక్షరమైనను నేర్వని తెలుగువాడు సయితము ‘స్ప్రింగు’ అను మాట నెఱుగును. సైకిలు సీటు క్రిందను, గడియారము కడుపులోను, బాల్‌పెన్ను గొట్టములోను చుట్టలు చుట్టుకొని యుండి, నొక్కినచో అణగి, విడిచినచో ఎగిరిపడు లోహపు తీగయే వానికి స్ప్రింగు. ఆతడే కొంత చదువు సంపాదించి నిఘంటువు తెఱచి చూచినపుడు ఆ మాటకు వసంత ఋతువనియు, నీటి ఊట యనియు, దుముకుట యనియు మఱి మూడర్థములు కానవచ్చును. వసంతమునకును సైకిలు సీటునకును సంబంధమేమో ఆతనికి తోచదు. ‘హరి’ శబ్దమునకు విష్ణువు, సింహము, కోతి, కప్ప యని అర్థములు చెప్పినట్లే యిదియు నానార్థములలో నొకటి యని ఉపాధ్యాయుడు తేల్చివేయును. శిష్యుడు కంఠస్థము చేయును. కాని యిచ్చట జరిగినది నానార్థముల యాదృచ్ఛిక సమ్మేళనము కాదు. ఈ యర్థములన్నియు ఒక్క క్రియకు పుట్టిన బిడ్డలు. అందులోను, ప్రాచీనమని మన మెల్లరము తలంచు ఋతువాచకార్థమే అన్నిటికంటె చిన్నది. గడియారపు తీగకు స్ప్రింగని పేరు పడిన నూఱేండ్లకు గాని ఆంగ్లేయుడు తన వసంతమును ఆ యొక్క మాటతో పిలువ మొదలిడలేదు.

మూలక్రియ ప్రాచీనాంగ్లమునందలి ‘స్ప్రింగన్’. దుముకుట, పైకి చిమ్ముట, హఠాత్తుగా వెలువడుట, మొలకెత్తుట దాని యర్థములు. జర్మనులకును డచ్చివారికిని ఈ క్రియ నేటికిని దుముకుటయే. స్వీడను దేశీయులకు పరుగెత్తుట. ఇంకను వెనుకకు పోయి, ఐరోపా భాషలకును సంస్కృతమునకును ఉమ్మడిదియని ఊహింపబడు మూలభాషలో దీని ధాతువును వెదకినవారు గ్రీకుభాషలోని తొందరపడుట అను నర్థముగల యొక క్రియను, సంస్కృతమునందలి ‘స్పృహ్’ ధాతువును దీనికి దాయాదులుగా చూపుచున్నారు. సంస్కృతమున స్పృహ యనగా గాఢమైన కోరిక, మనస్సు ఒకదానిపై ఉఱుకుట. తెలుగున ఆ మాట ఎట్లో త్రోవ మార్చుకొని తెలివియను నర్థమునకు దిగినది. స్పృహ తప్పుట యన్నపుడు మనకు కోరిక స్ఫురింపదు. అయినను ‘నిస్పృహ’లో పాతయర్థపు ఛాయ ఇంకను మిగిలియున్నది. ఈ దాయాదిత్వము నిక్కమైనచో, మన నిస్పృహకును వారి వసంతమునకును ఒకే ధాతువు మూలమన్నమాట. శబ్దముల వంశవృక్షములలో ఇట్టి వింతలు కొల్లలు.

ప్రాచీనాంగ్లమున ‘స్ప్రింగ్’ నామవాచకముగా నున్నపుడు దానికి ప్రధానార్థము భూమినుండి నీరు పైకుబికి వచ్చు తావు, అనగా ఊట. సంతానమున కాంగ్లమున గల ‘ఆఫ్‌స్ప్రింగ్’ అను మాటయు ఆ కాలపుదే; ఒకరినుండి వెలువడి వచ్చినవారని దాని భావము. తెల్లవాఱుటకు ‘డేస్ప్రింగ్’ అనెడివారు. నరికిన చెట్టు మొదటినుండి లేచు పిలకలకును, అట్టి పిలకలతో పెరిగిన చిట్టడవికిని సయితము ఇదే పేరు. లండను నగరమునకు ఉత్తరముననున్న హర్ట్‌ఫర్డ్ సీమలో ‘స్ప్రింగ్’ అను మాట చివర గల వనముల పేర్లు నేటికిని పెక్కు కలవు. అచ్చట వసంతమును లేదు, ఊటయును లేదు; కట్టెల కొఱకు నరికిన చెట్లు మరల చిగిర్చిన తోపులవి. నీరు గాని, వెలుగు గాని, బిడ్డ గాని, పిలక గాని, లోపల దాగియున్నది ఒక్కమాఱు బయటికి దుమికినచో అది స్ప్రింగ్ అయ్యెడిది. ఇన్నింటికి ఆ పేరున్నను ఋతువునకు మాత్రము లేకుండెను.

ఆ దినములలో ఇంగ్లండువారు ఋతువు నేమని పిలిచెడివారన్నచో, మొదట వారికి వసంత మొక ఋతువుగనే లెక్కకు వచ్చినట్లు కనబడదు. క్రీ. శ. 725 ప్రాంతమున కాలగణనమును గూర్చి గ్రంథము రచించిన బీడ్ అను సన్యాసి, తన పూర్వులు సంవత్సరమును వేసవి, శీతకాలము అని రెండే భాగములుగా విభజించిరనియు, ఒక్కొక్క భాగమున ఆఱు మాసములుండెననియు, అక్టోబరు ప్రాంతపు పూర్ణిమతో శీతకాల మారంభమయ్యెడిదనియు తెలిపినాడు. వారి మాసనామములు ముచ్చట గొలుపును. మే నెలకు సమమైన మాసమునకు ‘త్రిమిల్చి’ అని పేరు. ఆ నెలలో పచ్చిక సమృద్ధిగా నుండుటచే పశువులను దినమునకు ముమ్మాఱు పిదికెడివారట! పాలకుండనుబట్టి నెలను గుర్తించిన ఆ గోపాలకుల లౌక్యము నాకు పంచాంగ గణితముకంటె తక్కువదిగా తోచదు. బీడ్ కంటె ఆఱువందల యేండ్లకు ముందు రోమను చరిత్రకారుడు టాసిటస్ జర్మను తెగలను వర్ణించుచు, వారికి శీతకాలము, వసంతము, వేసవి తెలియుననియు, శరత్తు పేరుగాని దాని ఫలములుగాని తెలియవనియు వ్రాసినాడు. రెండు ఋతువులా, మూడా యను విషయమున సాక్షులు ఏకీభవింపకున్నను, నాలుగు సమభాగముల సంవత్సరము ఆ జాతులకు సహజము కాదని మాత్రము ఇద్దఱి మాటలవలనను తేలుచున్నది.

కాలక్రమమున శీతకాలమునకును వేసవికిని నడిమి కాలమునకు ప్రాచీనాంగ్లమున స్థిరపడిన పేరు ‘లెంక్టెన్’. దీని నిర్మాణము మనవారికి ఆసక్తి కలిగించును. మొదటి భాగము పొడవు అను నర్థమును తెలుపు ‘లాంగ్’ శబ్దము. రెండవ భాగము దినము అను నర్థము గల ప్రాచీన జర్మానిక శబ్దమనియు, అది సంస్కృతమునందలి ‘దిన’ శబ్దమునకు జ్ఞాతియనియు శబ్దశాస్త్రజ్ఞులలో పెక్కుర మతము. అనగా లెంక్టెన్ అనినచో పగళ్లు పొడుగగు కాలము. పూవును గాని కోకిలను గాని ఈ పేరు పట్టించుకొనలేదు. వెలుగునే కొలిచినది.

అట్టి పేరు ఆ దేశమున పుట్టుటకును మన దేశమున పుట్టకుండుటకును భూగోళ సంబంధమైన కారణము కలదు. భూమి తన అక్షముపై సుమారు 23½ డిగ్రీలు వ్రాలి సూర్యుని చుట్టు తిరుగుచుండుటచే పగటి నిడివి మాఱుచుండుట యెల్లరు నెఱిగినదే. కాని యా మార్పు భూమధ్యరేఖకు దవ్వైనకొలది ఎంత తీవ్రమగునో దక్షిణదేశమున నుండువారికి అంతగా అనుభవమునకు రాదు. హైదరాబాదు నగరమున సంవత్సరములో అత్యల్పమైన పగలు సుమారు 11 గంటలు, అత్యధికమైనది సుమారు 13 గంటలు. ఈ రెండింటికిని అంతరము స్వల్పము. లండను నగరమున డిసెంబరులో పగలు ఎనిమిది గంటలకును లోపే. జూనులో పదునాఱున్నర గంటలు. ఈ యంతరమంతయు ఆఱు మాసములలో పూడవలెను గదా! అది సమముగా పూడదు. మార్చి మాసమున విషువత్తు సమీపించినపుడు వేగము హెచ్చును. ఆ దినములలో హైదరాబాదున పగలు దినమునకు ఒక్క నిమిషము పెరుగుచుండగా, లండనున దినమునకు సుమారు నాలుగు నిమిషములు, అనగా వారమునకు దాదాపు అరగంట పెరుగును. నడిశీతకాలమున మధ్యాహ్నము నాలుగు గంటలకే చీకటిపడుట చూచిన పల్లెటూరి రైతు వారమునకు అరగంట చొప్పున వెలుగు తన పొలములోనికి మరలి వచ్చుచుండగా, ఆ ఋతువునకు ‘పొడుగు పగళ్లు’ అని పేరిడుట కవిత్వము కాదు, పరిశీలనము.

ఇంత చక్కని పేరు ఏల పోయెను? మతము దానిని తీసికొనిపోయినది. ఈస్టరు పండుగకు ముందు క్రైస్తవులు జరుపు నలువది దినముల ఉపవాసము ఆ కాలముననే వచ్చుటచే, ఇంగ్లండులో ఉపవాసమునకును లెంక్టెన్ అనియే వ్యవహారమేర్పడినది. కొన్ని శతాబ్దులు ఒక్క పేరు ఋతువును, వ్రతమును, రెంటిని మోసినది. తుదకు ‘లెంట్’ అని కుదించుకొని, 14వ శతాబ్ది గడచునప్పటికి ఋతువును విడిచి వ్రతమున కంకితమైనది. తమాషా యేమనగా, ఈ మతాక్రమణము ఇంగ్లండుననే జరిగినది. డచ్చిభాషలో ‘లెంటె’ యనగా నేటికిని వసంతమే. జర్మనుభాషలో ‘లెంట్స్’ అను మాట కవిత్వమున వసంతమునకు నిలిచియున్నది. ఉపవాసమునకు వారు వేఱు మాట వాడుకొనిరి.

ఖాళీయైన స్థానమునకు అభ్యర్థులు లేకపోలేదు. ఇంగ్లండు నేలిన నార్మనుల భాషనుండి ‘ప్రథమకాలము’ అను నర్థము గల ఫ్రెంచిమాట యొకటి వచ్చి కొంతకాలము తచ్చాడెను. పండితులు లాటినునుండి ‘వేర్’ అను శబ్దమును దించిరి. ఆంగ్లకవి చాసర్ కాలమున అదియు వ్రాతలలో కానవచ్చుచుండెను. ఈ ‘వేర్’ నిలిచియున్నచో మనకెంతయో ముచ్చటగా నుండెడిది. ఏలనన అది మన ‘వసంత’ శబ్దమునకు ఏకోదరము. సంస్కృతమున వసంత, లాటినున వేర్, గ్రీకున ఎఆర్, లిథువేనియా భాషలో వేసవిని తెలుపు ‘వాసర’ – ఇవన్నియు ఒక్క మూలమునుండి విడిపోయిన రూపములు. పారసీకమున అదియే ‘బహార్’ అయినది. క్రీ. పూ. ఆఱవ శతాబ్ది చివర దరియస్ చక్రవర్తి బెహిస్తూన్ కొండపై చెక్కించిన శాసనమునందలి ఒక మాసనామమున దాని పూర్వరూపమైన ‘వాహర’ కనబడుచున్నది. ఉర్దూద్వారమున హైదరాబాదు వీధులకు వచ్చిన బహారును, సంస్కృతద్వారమున పల్లెలకు వచ్చిన వసంతమును, తాము అన్నదమ్ములమని తెలియకయే ఒకే ఊర కాపురమున్నవి. ఆంగ్లమున మాత్రము ఈ వంశము వేళ్లూనలేదు.

నిలిచినది సామాన్యజనుల మాట. 14వ శతాబ్ది చివర ‘మొలకెత్తు కాలము’ అను నర్థమున స్ప్రింగ్ క్రియతో కూడిన పదబంధము వాడుకకు వచ్చినది. తరువాత ‘స్ప్రింగ్‌టైమ్’ వచ్చినది. 16వ శతాబ్ది మొదటి భాగమున సంవత్సరపు స్ప్రింగ్ అనియు, ఆకుల స్ప్రింగ్ అనియు పలికిరి. ఆ శతాబ్ది నడుమకు తోక తెగి ఉత్త ‘స్ప్రింగ్’ మిగిలినది. సంవత్సరము దుముకుట, ఆకు దుముకుట యని చెప్పనక్కఱ లేకుండ, దుముకుట యనినంతనే ఋతువు స్ఫురించునట్టి దశ వచ్చెనన్నమాట. దీనికి జంటగా ‘ఆకు రాలుట’ అను పదబంధము కూడ ఆ కాలముననే పుట్టి, అట్లే కుదించుకొని శరత్తునకు ‘ఫాల్’ అను పేరైనది. పైకి దుమికినది స్ప్రింగ్, క్రిందికి రాలినది ఫాల్; ఇంత పొందికైన జంటను ఇంగ్లండువారు కాపాడుకొనక, శరత్తునకు లాటిను మూలము గల ‘ఆటమ్’ను స్థిరపఱచుకొనిరి. సముద్రము దాటి అమెరికా చేరినవారు ఫాల్‌ను వదలలేదు. నేడు అమెరికనులు ఫాల్ అన్నపుడు మొగము చిట్లించు ఇంగ్లీషువారు, అది తమ తాతల మాటయేయని మఱచినారు.

ఇక నిజముగా ఆ ఋతువున దుముకునది యేది? మంచుకాలపు దేశములలో బీచి, ఓకు మొదలగు చెట్ల కొమ్మలపై ఏప్రిలులో కొలది దినములలోనే ఆకులు విప్పుకొనుట చూచినవారు, ఆ యాకులు అప్పుడే పుట్టినవని భ్రమింతురు. వాస్తవమునకు వానిలో ననేకము వెనుకటి యేటి వేసవిలోనే పుట్టినవి. అతిసూక్ష్మరూపమున, మడతలు మడతలుగా, పొలుసుల కవచములో మొగ్గలయందు అమర్చబడి అవి శీతకాలమంతయు నిద్రించుచుండును. ఈ నిద్ర వట్టి వెచ్చదనముచే తెమలదు. జనవరిలో నాలుగు దినములు ఎండ కాసినంతమాత్రమున మొగ్గ విచ్చినచో, ఐదవ దినపు మంచు దానిని మాడ్చివేయును గదా! అందుచే కొన్ని వారముల చలిని అనుభవించినగాని మేల్కొనని కట్టడి ఆ మొగ్గలకు కలదు. చలి లెక్క నిండిన పిదప వెచ్చదనము లెక్క మొదలగును. కొన్ని జాతులకు పగటి నిడివియు కావలెను, అనగా పాత లెంక్టెన్ పేరు చెప్పిన సంగతి చెట్టునకును తెలియును. అన్నియు సమకూడినపుడు, వేళ్లలోను మ్రానులోను నిలువచేసిన పిండిపదార్థము చక్కెరగా కరగును, మొగ్గలోని కణములు నీటిని పీల్చి ఉబ్బును, మడతలు విడిపోవును. కొత్త కణములు పుట్టుటకంటె ఉన్న కణములు నీటితో సాగుటయే ఆ కొలది దినముల యద్భుతములో హెచ్చు భాగము. ముందుగా చుట్టి దాచిన వస్తువు, లోపలి యొత్తిడిచే బయటికి విచ్చుకొనుట! ఋతువునకు ఆ పేరు పెట్టిన పల్లెవారికి కణముల సంగతి తెలియదు. చూపు మాత్రము తప్పలేదు.

ఆ చూపును లెక్కలోనికి తెచ్చినవాడు నార్ఫోక్ సీమ భూస్వామి రాబర్ట్ మార్షమ్. 1736లో మొదలుపెట్టి, ఏటేట ఏ చెట్టు ఏనాడు ఆకు తొడిగెనో, ఏ పూవు ఎప్పుడు పూచెనో, కోకిలజాతి పక్షి ఎన్నడు కూసెనో, వానకోయిల ఎన్నడు వచ్చెనో, కప్పలు ఎప్పుడు బెకబెకలాడెనో, మొత్తము 27 వసంత చిహ్నములను ఆతడు వ్రాసియుంచెను. ఆతని తరువాత వంశీయులు 1958 వఱకు ఈ పనిని కొనసాగించిరి. వాతావరణము వేడెక్కుటచే చెట్లు ఎంత ముందుగా చిగిర్చుచున్నవో పరిశీలించు శాస్త్రజ్ఞులకు ఈ భూస్వామి దినచర్య నేడు పెన్నిధి. వానకోయిల రాకను గుర్తు పెట్టుకొనుటను నాడు పొరుగువారు పనిలేని దొరగారి వేడుకగా తలంచియుందురు.

లోహపు చుట్ట సంగతి మిగిలినది. దుముకుట యను క్రియకు దుమికించుట యను ప్రేరణరూప మొకటి ప్రాచీనాంగ్లమున నుండెను. పచ్చి కొమ్మను వంచి కట్టి, దాని కొసకు ఉచ్చు తగిలించి, పిట్ట తాకినంతనే కొమ్మ ఎగిరి ఉచ్చు బిగియునట్లు చేయు బోనునకు ఆ రూపమునుండియే పేరు వచ్చినది. వంచిన కొమ్మనుండి వంచిన ఉక్కునకు దూరమెంత? 15వ శతాబ్దిలో వ్రేలాడు బరువులకు బదులు చుట్టిన ఉక్కుపట్టీతో నడచు గడియారములు ఐరోపాలో వెలసెను. ఆ పట్టీ స్ప్రింగ్ అయ్యెను.

మాట కార్ఖానానుండి శాస్త్రశాలకు పోయినది 17వ శతాబ్దిలో. 1660లో రాబర్ట్ బాయిల్ వాయువును గూర్చి ప్రకటించిన గ్రంథమునకు పేరుపెట్టుచు ‘గాలియొక్క స్ప్రింగ్’ అను ప్రయోగము చేసినాడు. అణచినచో అణగి, విడిచినచో విస్తరించు గుణము గాలికి కలదనియు, గాలిరేణువులు ఒకదానిపై నొకటి పేర్చిన ఉన్నిపోగులవంటివనియు ఆతడు భావించెను. ఆ ప్రయోగములకు వలసిన గాలిపంపును నిర్మించి యిచ్చిన సహాయకుడు రాబర్ట్ హుక్. ఈ హుక్కే తరువాత తీగచుట్టలను బరువులతో సాగదీసి చూచి, సాగిన నిడివి వేసిన బలమునకు అనులోమానుపాతమున నుండునని కనుగొనెను. ఇతరులు దొంగిలింతురను భయమున 1676లో ఆ సూత్రమును కలగాపులగపు అక్షరముల గుంపుగా అచ్చువేయించి, రెండేండ్ల తరువాత 1678లో స్ప్రింగును గూర్చిన తన గ్రంథమున గుట్టు విప్పినాడు. ఈలోగా 1675లో హాలెండు శాస్త్రజ్ఞుడు హైగెన్స్ సన్నని సర్పిలాకారపు తీగచే జేబుగడియారపు చక్రమును క్రమబద్ధము చేయు ఉపాయమును వెలిబుచ్చగా, అది తనదేయని హుక్ కలహమునకు దిగెను. పేటెంటుల యుద్ధములు నేటివని తలంచువారు ఆ చరిత్ర చదువవలెను. గాలికి స్ప్రింగ్ అను మాటను విజ్ఞానశాస్త్రము తరువాత విడిచిపెట్టి, పీడనమనియు స్థితిస్థాపకతయనియు వేఱు పరిభాషలు కల్పించుకొన్నది. తీగచుట్టకు మాత్రము ఆ పేరే నిలిచినది. ఆ తీగతోడనే అది మన సైకిలు షాపులకు చేరినది.

సముద్రపు పోటులలో నొకదానికి ‘స్ప్రింగ్ టైడ్’ అని పేరుండుటచే అది వసంతకాలపు పోటని భ్రమించువారు చదువుకున్నవారిలోను కలరు. అది నెలకు రెండు సారులు, అమావాస్యకును పూర్ణిమకును అటునిటుగా, పన్నెండు మాసములును వచ్చునది. సూర్యుడు సముద్రముపై చూపు ఆకర్షణభేదము చంద్రుని దానిలో సుమారు 46 శాతము. ఆ రెండు తిథులలోను సూర్యచంద్రులు భూమితో ఒకే వరుసను నిలుచుటచే ఇద్దఱి బలములును కూడి నీరు మిక్కిలి ఎత్తునకు లేచును. బందరు, కాకినాడ తీరముల జాలరులకు అమావాస్య పోటు, పున్నమ పోటు పుట్టుకతో తెలిసిన సంగతి. ఇక్కడ దుముకునది నీరు.

ఇన్ని యర్థములు మోయు మాట, ఆంగ్లేయుల ఓడలతో దిక్కుదిక్కులకు పోయినపుడు ఋతువు ఒక్కటియే చిక్కులపాలైనది. మన దేశమున చైత్రము వచ్చుసరికి ఎండలు ముదురును. వేపయు, రావియు, కానుగయు ఒక్క వానచినుకైనను పడకమునుపే, నేలలోతులలోని తేమను నమ్మి చిగిర్చును. అంతకుముందటి ఆకురాలుట చలికి భయపడి కాదు, పొడివాతావరణమునకు ఓర్వలేక. కనుక వసంతమును స్ప్రింగని అనువదించుట మర్యాద కొఱకే. దక్షిణార్ధగోళమున చిక్కు ఇంకను పెద్దది. 1788లో ఆస్ట్రేలియాలో వలస నెలకొల్పినవారు తమ నాలుగు ఋతువులను తలక్రిందు చేసి, స్ప్రింగును సెప్టెంబరున నాటుకొనిరి. కాని ఆ భూఖండపు యూకలిప్టసు చెట్లు ఇంగ్లండు చెట్లవలె ఒక్కసారిగా ఆకులు రాల్చవు. కావున ఒక్కసారిగా చిగిర్చి దుముకునదియు లేదు. ఆ నేలపై వేల యేండ్లుగా నివసించుచున్న ఆదిమజాతులకు తమ లెక్కలు తమకు కలవు. నైరృతి కోణమునందలి నూంగర్ జాతివారికి సంవత్సరమునకు, మనకువలెనే, ఆఱు ఋతువులు. వలసవారి స్ప్రింగ్ వారి లెక్కలో ఒక ఋతువుగా నిలువక, తడి తగ్గి తొలిపూవులు విచ్చు ‘జిల్బ’ చివరను, అడవిపూవులు విరియబూయు ‘కంబరంగ్’లోను రెండుగా చీలిపోవును.